మోత్రా సినిమా, అట్ట కొమ్ములు

 

ఇది పెద్ద పోస్టు. మెస్ లైన్లో నిలబడి చదవకండి, మీ వంతు వచ్చేసరికి కూర అయిపోతది. రాత్రి పడుకునే ముందు చదవండి.

పోయిన నెల రెండో శనివారం మా హాస్టల్లో ఒక పాత జపాన్ సినిమా చూసినం. దాని మీద మొదలైన లొల్లి ఇంకా తెగలేదు. ఎవరి మాట వాళ్లదే. అందరి మాటలూ ఒక దగ్గర రాసి పెడదామని ఈ పోస్టు. మధ్యలో నా సొంత సంగతి ఒకటి ఉంది. అది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించిన. చివరికి రాస్తున్న.

ఆ రోజు పొద్దటి నుంచి ముసురు. గ్రౌండ్ అంతా బురద, వాలీబాల్ లేదు. మా రూములో లాప్‌టాప్ ఉన్న అన్న ఒక్కడే. తమ్ముళ్లు కొత్త గాడ్జిల్లా పెట్టమని అడిగితే, "కొత్తది ఎవడైనా చూస్తడు, దాని అక్కను చూపిస్త" అని 1961 నాటి సినిమా పెట్టిండు. పేరు మోత్రా. తీసింది ఇషిరో హోండా, 1954లో మొదటి గాడ్జిల్లా తీసినాయనే. భాష జపనీస్, కింద ఇంగ్లీషు అక్షరాలు. నాకు అవి చదివేలోపే మారిపోతయి. అందుకని అన్న చదివి తెలుగులో చెప్తుంటే తొమ్మిది మందిమి మంచాల మీద ఒకరి మీద ఒకరం పడి చూసినం.

చూడనోళ్ల కోసం కథ చెప్తున్న. తుపానులో ఒక ఓడ మునుగుతది. బతికినోళ్లు ఇన్‌ఫాంట్ అనే దీవికి కొట్టుకపోతరు. ఆ దీవి దగ్గర రోలిసికా అనే దేశం అణుబాంబు పరీక్షలు చేసింది. రోలిసికా అనేది రష్యాను, అమెరికాను కలిపి పెట్టిన ఉత్తుత్తి పేరు, అది ఎవరో అందరికీ తెలుసు. అక్కడ మనుషులే లేరని లెక్క. కానీ కొట్టుకపోయినోళ్లకు రేడియేషన్ జబ్బు రాలేదు. ఎందుకని అడిగితే, అక్కడి మనుషులు ఎర్రటి రసం ఒకటి తాగించినరని చెప్తరు. అప్పుడు తెలుస్తది, దీవి ఖాళీ కాదని.

తర్వాత రోలిసికా వాళ్లు, జపాన్ వాళ్లు కలిసి పరిశీలనకు పోతరు. అందులో నెల్సన్ అనేటోడు వ్యాపారి. అక్కడ జానెడంత ఎత్తు ఉండే ఇద్దరు కవల ఆడపిల్లలు కనపడుతరు. మొదటిసారి వదిలేసి వస్తరు. నెల్సన్ మళ్లీ పోయి, అడ్డం వచ్చిన దీవి జనాన్ని కాల్పించి, ఆ ఇద్దరినీ ఎత్తుకొచ్చి టోక్యోలో టికెట్లు పెట్టి స్టేజీ మీద పాడిస్తడు. వాళ్లను తీసుకపోవడానికి దీవి నుంచి మోత్రా వస్తది. మోత్రా అంటే దయ్యం కాదు, రాక్షసి కాదు. పట్టుపురుగు. గుడ్డులోంచి పురుగు, పురుగు నుంచి గూడు, గూడులోంచి రెక్కల చిలుక.

ఇక అభిప్రాయాలు.

మా రూములో చిన్నోడు, ఇంటర్ తమ్ముడు, మొదటి అరగంటలోనే తీర్పు చెప్పిండు: "అన్నా, ఇవి బొమ్మలు." నిజమే. కార్లు బొమ్మ కార్లు, టాంకులు బొమ్మ టాంకులు. ఆ పెద్ద పురుగు లోపల మనుషులు వరసగా దూరి నడిచినరంట. చిన్నోడికి ఇప్పటి గ్రాఫిక్స్ అలవాటు. కానీ గంట తర్వాత వాడే మంచం అంచుకు వచ్చి కూర్చున్నడు. నేనేం అనలేదు. ఆ బొమ్మలు చేసిన ఎయిజీ సుబురాయా అనే ఆయన చేతిపని అట్లాంటిది. నిజం లెక్క కనపడదు గానీ, బరువు ఉన్నట్టు మాత్రం కనపడతది. ఇల్లు విరిగితే పెంకు పెంకు విరుగుతది.

రెండో మాట ఉట్నూరు వైపు గోండు అన్నది. దీవి జనం కనపడంగనే ఆయన "ఆపు, ఆపు" అని లాప్‌టాప్ ఆపించిండు. "వీళ్లు ఎవరు? చూడు సరిగ్గ." చూస్తే జపాన్ నటులే. ఒంటికంతా నల్లటి రంగు పూసి, బట్టలు కుదించి, గుంపుగా నిలబెట్టినరు. ఒక్కరికి పేరు లేదు. ఒక్కరూ మాట్లాడరు. చేతులు ఊపుతరు, ఆడుతరు, రాళ్లు కొడతరు, చచ్చిపోతరు. అన్న అడిగిండు: "అణుబాంబు వేసినోడు తప్పు అని చెప్పే సినిమా ఇది. మంచి సినిమానే. మరి బాంబు ఎవరి మీద పడ్డదో ఆ మనిషి నోట ఒక్క మాట చెప్పించనీకి ఏం అడ్డమొచ్చింది?"

దీనికి లాప్‌టాప్ అన్న అడ్డం తిరిగిండు. ఆయన ఎం.ఏ. హిస్టరీ. "అరవై ఏండ్ల కింద తీసిన సినిమా. ఆ రోజుల్లో బాంబు వేసినోడిని వేలు పెట్టి చూపించిందే ఎక్కువ" అన్నడు. ఆయన చెప్పింది నేను తర్వాత లైబ్రరీలో కూర్చొని చదువుకున్న. మార్షల్ దీవుల్లో బికినీ అనే చోట 1946 మార్చిలో 167 మందిని ఊరు ఖాళీ చేయించినరు. పరీక్షలు అయినంక తిరిగి రావచ్చని చెప్పినరు, మొత్తం మానవజాతి మేలు కోసమని కూడా చెప్పినరు. వాళ్ల పిల్లలు, మనవళ్లు ఇప్పటికీ ఆ ఊరికి తిరిగి పోయి స్థిరపడలేదు. 1954 మార్చి 1న అక్కడే పేల్చిన బాంబు బూడిద దూరంలో చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద పడ్డది. పడవలో 23 మంది. అందులో రేడియో పని చేసే ఆయన సెప్టెంబర్‌లో చనిపోయిండు. అదే సంవత్సరం నవంబర్‌లో గాడ్జిల్లా వచ్చింది.

ఇది చదివినంక నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. జపాన్ వాళ్లకు ఆ పడవ కనపడ్డది, అందులో తమవాళ్లు ఉన్నరు కాబట్టి. దీవి వాళ్లు కూడా కనపడ్డరు గానీ, దూరం నుంచి, గుంపు లెక్క. "నిర్జన ప్రాంతం" అనే మాట మన దగ్గర ఎన్ని కాగితాల్లో చూస్తమో మీకు చెప్పాల్నా.

మూడోది, నేను ఊహించనిది. సినిమాలో మోత్రా పురుగు దశలో జపాన్‌లో ఒక డ్యామ్ దగ్గర తేలుతది. డ్యామ్ పగులుతది. ఆ సీనుకు మా రూమంతా ఈలలు. "కొట్టు, కొట్టు" అని ఒకడు మంచం గుద్దిండు. నేను కూడా చప్పట్లు కొట్టిన. అప్పుడు మాలో ఒక బావ ఉన్నడు, పోలవరం ముంపు మండలం. చుట్టాల ఇంట్లో ఉండి భద్రాచలంలో ఇంటర్ చదివి ఇక్కడికి వచ్చిండు. డ్యామ్ అంటే అందరికంటే ఎక్కువ కోపం ఆయనకు ఉండాలె కదా. ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. "కింద ఊర్లున్నయి రా" అన్నడు. అంతే.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆయన, వాళ్లమ్మ, రెండు మేకలు గుట్ట మీద ఉన్నరంట. ఆ రోజుల గురించి ఎప్పుడూ చెప్పడు. ఆ రోజు కూడా చెప్పలేదు. తెర మీద నీళ్లు వస్తుంటే వంతెన మీద ఒక చంటిపిల్ల మిగిలిపోతది, విలేకరి పరిగెత్తి ఎత్తుకొస్తడు. అప్పుడు మాత్రం ముందుకు వంగిండు. సినిమా అయినంక ఆయన అభిప్రాయం అడిగితే, "ఆ బుడ్డది బతికింది కదా, బాగుంది" అన్నడు. సినిమా గురించి వచ్చిన మాటల్లో నాకు గుర్తుండిపోయేది ఇదే.

నాలుగో మాట అమ్మాయిల హాస్టల్ నుంచి. మా క్లాస్ అక్క ఒకామె (మా కంటే రెండేండ్లు పెద్ద, మధ్యలో చదువు ఆపి మళ్లీ చేరింది) లింకు పంపితే ఫోన్లో చూసింది. ఆమె కోపం ఆ కవలల మీద. సినిమాలో వాళ్లు తమను విడిపించాలని చూసే మంచివాళ్లతో చెప్తరు: మోత్రా వస్తది, దానికి మంచి చెడు తెలియదు, మమ్మల్ని తీసుకపోవడమే తెలుసు, మీలాంటి మంచివాళ్లకు కూడా నష్టమైతది, మాకు బాధగా ఉంది అని. అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఎత్తుకొచ్చింది వాళ్లను. బోనులో పెట్టింది వాళ్లను. మళ్లీ క్షమాపణ కూడా వాళ్లే చెప్పాల్నా? ఎవరు రాసిండ్రు ఇది, మగోళ్లేనా?" రాసినోళ్లు మగవాళ్లే. కథ ముందు ముగ్గురు రచయితలు కలిసి పత్రికకు రాసినరు, సినిమా స్క్రిప్టు ఇంకొకాయన రాసిండు. నేను ఆ సంగతి చెప్తే "తెలుసు" అని ఒక్క మాట పంపింది.

ఇప్పుడు నా సంగతి.

స్టేజీ సీను గురించి చెప్తే గానీ ఇది అర్థం కాదు. నెల్సన్ పెద్ద హాలు పెడతడు. జనం సూట్లు, మంచి బట్టలు వేసుకొని వస్తరు. చిన్న బంగారు బండి ఒకటి గాలిలో తేలుకుంటూ స్టేజీ మీదికి వస్తది, అందులో ఆ ఇద్దరు పిల్లలు. దిగి పాడుతరు. ఆ ఇద్దరుగా చేసింది ద పీనట్స్ అని అప్పటి జపాన్‌లో పేరున్న గాయనులు, నిజం కవలలు. పాట చాలా బాగుంటది. మాటలు జపనీస్ కాదు, ఇండోనేషియా భాషలో రాయించినరు, దీవి భాష లెక్క వినపడాలని. హాల్లో జనం మైమరచి వింటరు. చప్పట్లు కొడతరు.

కానీ అది వాళ్ల కోసం పాడిన పాట కాదు. మోత్రాను పిలిచే పాట. ఇక్కడ పాడుతుంటే అక్కడ దీవిలో గుడ్డు కదులుతది. టికెట్టు కొన్న ఒక్కడికీ తెలియదు, తను కూర్చొని వింటున్నది ఎవరినో పిలుస్తున్న పిలుపు అని.

ఇక్కడ నేను లేచి బయటికి వచ్చిన. బాత్రూం పోయిన అని చెప్పిన. పోలేదు. కారిడార్‌లో నిలబడి వాన చూసిన.

ఎందుకంటే పోయిన సంవత్సరం ఒక పెద్ద కార్యక్రమంలో (ఎక్కడో, ఎవరిదో రాయను) మా హాస్టల్ నుంచి పది మందిమి కొమ్ము డాన్సు చేసినం. మా మహదేవపూర్ వైపు అది అంత లేదు, నేను నేర్చుకున్నది ఇందాక చెప్పిన బావ దగ్గరనే. వాళ్ల ఊళ్లో దున్న కొమ్ములు తాతల నాటివి. భూమి పండుగకు, పెళ్లిళ్లకు బయటికి తీస్తరు. ఊరికే తియ్యరు, ఎక్కడికీ పంపరు. ఆ మాట చెప్తే కార్యక్రమం వాళ్లు "ఏం పర్వాలేదు, మేం ఏర్పాటు చేస్తం" అని అట్టతో కొమ్ములు చేయించి వెండి రంగు వేసి తెచ్చినరు. నెమలీకలు ప్లాస్టిక్. డోలు దెబ్బ సౌండ్ బాక్సులో పెట్టినరు, మేం ఉత్తుత్తిగా కొట్టాలె. అంతవరకు కూడా సరే అనుకున్నం. స్టేజీ ఎక్కే ముందు ఒకాయన నల్ల రంగు డబ్బా తెచ్చి, "కొంచెం ఒంటికి రాసుకోండి, లైట్లకు ట్రైబల్ లుక్ రావాలె" అన్నడు.

బావ రాసుకోలేదు. "నాకు జ్వరం" అని చెప్పి దిగిపోయిండు. నేను రాసుకున్న. చేతులకు, మొఖానికి. మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టి అరవమన్నరు. అరిచిన. మీలో ఎంత మంది కోయ పెళ్లికి పోయిండ్రో తెలియదు, అట్ల అరిచేటోడిని ఎక్కడైనా చూసిండ్రా? నేను సినిమాల్లోనే చూసిన. సినిమాల్లో చూసి నేర్చుకున్న ఆదివాసీ నేను.

బాగా చప్పట్లు వచ్చినయి. సెల్ఫీలు దిగినరు. బిర్యానీ పెట్టినరు, సర్టిఫికెట్ ఇచ్చినరు. సర్టిఫికెట్ మీద పేరు ఉండే గీత దగ్గర "ట్రైబల్ టీమ్" అని రాసి ఉంది. పది మందికీ అదే. ఫోటో ఇంటికి పంపిన. సాయంత్రం నాన్న ఫోన్ చేసి, "బాగనే ఆడినట్టున్నవ్. బొగ్గు ఎందుకు పూసుకున్నవ్ బిడ్డా?" అని అడిగిండు. తిట్టలేదు. నిజంగనే అర్థం కాక అడిగిండు. నేను లైన్ సరిగ్గ లేదని పెట్టేసిన.

గోండు అన్న లాప్‌టాప్ ఆపించి "వీళ్లు ఎవరు, చూడు సరిగ్గ" అన్నప్పుడు రూములో అందరూ తెర వైపు చూసినరు. బావ మాత్రం ఒక్క సెకను నా వైపు చూసి తల తిప్పుకున్నడు.

ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు సినిమా ముక్కలు ఫోన్లో నాన్నకు చూపించిన. మా నాన్న దసలి పురుగులు పెంచుతడు. తెలియనోళ్లకు: ఇంట్లో తట్టల్లో మల్బరీ ఆకు వేసి పెంచే పట్టు వేరు, ఇది వేరు. అడవిలో మద్ది చెట్ల మీద పురుగులను వదులుతం. పిట్టలు, చీమలు, కందిరీగలు తినకుండా అవి గూడు కట్టేదాకా చెట్ల కిందనే కాపలా. ఆ రోజుల్లో మా ఇంట్లో నీసు వండరు. కాయలు లెక్కబెట్టి వెయ్యికి ఇంత అని అమ్ముతం. నా డిగ్రీ ఫీజు, ఈ ఫోను, ఆ కాయలే. మా నాన్నకు సంతకం రాదు. చెట్టు మీద ఎన్ని పురుగులు ఉన్నయో మాత్రం కింద నిలబడి చెప్తడు.

నేను చూపించింది మోత్రా టోక్యో టవర్ మీద గూడు కట్టే సీను. ఆ టవర్ 333 మీటర్లు, 1958లో కట్టినరు. సినిమా నాటికి మూడేండ్ల కొత్తది, ఆ ఊరికే గర్వం. పురుగు పోయి దాన్ని విరగ్గొట్టి, విరిగిన దాని మీదనే పట్టు చుట్టుకుంటది. నాన్న కళ్లు చిట్లించి రెండుసార్లు చూసిండు. ఆయన అభిప్రాయం ఇది:

"తప్పు తీసిండ్రు. పిచికారీ కొట్టినట్టు దారం ఎక్కడన్న పోతదా? తల ఇటు అటు ఆడిచ్చుకుంట నిమ్మళంగ కడతది. ఇంకోటి, ఎవడో తరుముతుంటే కట్టదు. కడుపు నిండి, మేత బంద్ చేసినంకనే కడతది."

తర్వాత కొంచెం ఆగి, "లోపలిదాన్ని ఏం చేసిండ్రు?" అని అడిగిండు. నేను ముందుకు జరిపి చూపించిన. రోలిసికా వాళ్ల దగ్గర తెచ్చిన ఫిరంగులతో గూడును కాలుస్తరు. గూడు మాడుతది. జనం అయిపోయిందనుకుంటరు. లోపల నుంచి రెక్కలు బయటికి వస్తయి. నాన్న మొఖం వెలిగింది. మేం కాయలను వేడిలో పెట్టి లోపలిదాన్ని చంపి అమ్ముతం, లేకుంటే చిలుక కాయను చీల్చుకొని వస్తది, దారానికి పనికిరాదు. విత్తనానికి ఉంచినవే చిలుకలైతయి. ఆయన చేతుల మీద ఎన్ని వేలు పోయినయో. "వేడి పెట్టినా వచ్చిందా!" అని నవ్విండు. అమ్మను పిలిచి మళ్లీ చూపించిండు. బొమ్మ రెక్కలు, తీగలు కట్టి ఊపినవి. మా అమ్మానాన్నలకు ఆ తీగలు కనపడలేదు.

చివర కూడా చెప్తున్న, సినిమా పాడైతదని అనుకోకండి. నెల్సన్ రోలిసికాకు పారిపోతడు, చిలుక అక్కడికీ పోతది, వాడు పోలీసుల తూటాకు చస్తడు. మోత్రాను ఎవరూ చంపరు. విమానాశ్రయంలో రన్‌వే మీద దాని గుర్తు పెద్దగా గీసి పిలుస్తరు. అది దిగుతది, ఇద్దరినీ తీసుకొని ఇంటికి పోతది. ఇట్లాంటి సినిమాల్లో జంతువు చివరికి చావాలె, ఇందులో చావదు. నాకు సినిమా నచ్చిందా అని అడిగితే, నచ్చింది. గోండు అన్న చెప్పింది కూడా నిజం. ఆ రంగు నన్ను ఇంకా గుచ్చుతనే ఉంది. నేను పూసుకున్నోడిని కాబట్టి జపాన్ నటులను పెద్దగా తిట్టలేను, అంతే.

ఇప్పుడు ఎందుకు రాస్తున్ననో చెప్తున్న. అదే కార్యక్రమం వాళ్లు ఈసారి కూడా అడిగినరు. మెస్ గోడకు కాగితం అంటించి ఉంది, పేర్లు రాసుకోవాలె. లాప్‌టాప్ అన్న, "పోకపోతే ఇంకెవరినో తెచ్చి మన పేరుతో ఆడిస్తరు, పోయి మన పద్ధతిలో ఆడుండ్రి" అంటడు. గోండు అన్న, "అసలు ఆ గడప తొక్కొద్దు" అంటడు. అక్క, "మాట్లాడనీకి మైకు ఇస్తరా అడుగు, ఇస్తేనే పో" అని మెసేజ్ పెట్టింది.

నిన్న రాత్రి నేను, బావ కలిసి ఆ కాగితం కింద నాలుగు లైన్లు రాసినం. రంగు పూసుకోం. అట్ట కొమ్ములు పెట్టుకోం, డోలు మేమే కొడతం, కొమ్ములు లేకున్నా సరే. ఏ పాట దేనికి పాడుతమో ముందు మా అక్క మైకులో చెప్తది. సర్టిఫికెట్ మీద ఎవరి పేరు వాళ్లది ఉండాలె. దాని కింద మా ఇద్దరి పేర్లు, ఇంటిపేర్లతో సహా రాసినం. పొద్దున టిఫిన్‌కు పోయేసరికి ఇంకో నాలుగు పేర్లు ఉన్నయి. చిన్నోడు కూడా రాసిండు, వాడికి అసలు ఆడటమే రాదు.

వాళ్లు ఒప్పుకుంటరో లేదో సోమవారం తెలుస్తది. సినిమా చూసినోళ్లు మీ అభిప్రాయం కింద రాయండి. డ్యామ్ సీను గురించి రాసేటోళ్లు, బావ కూడా ఈ గ్రూపులో ఉన్నడు, చూసుకొని రాయండి.